అక్కచెయ్యి

ఆ ఊళ్ళో సున్నపు బట్టీల పొగకు కాకులు కూడా తెల్లబడతాయని చెప్పుకుంటారు. చెప్పుకోవడమేగానీ కాకి నల్లగానే ఉంటుంది, సున్నం పడేది మనుషుల రెప్పల మీద. అట్లాంటి ఊరి పెద్దాసుపత్రిలో, అత్యవసర విభాగం గుమ్మం దాటగానే గోడవారగా ఒక చెక్కబల్ల ఉండేది. గేటు దగ్గర ఇడ్లీలమ్మే సువార్తమ్మ పొద్దుటి బేరం అయిపోగానే గిన్నెలు తోముకుని, బండి మీద గోనెపట్టా కప్పి, తిన్నగా వచ్చి ఆ బల్ల మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకునేది. తన ఇంట్లో తన నులకమంచం మీద పడుకున్నంత ధీమాగా పడుకునేది.

"వచ్చిందమ్మా మహారాణి," అని నవ్వుకుంటూ రాహేలు ఆమె దగ్గరికి వెళ్ళింది. రాహేలు నర్సింగు నాలుగో ఏడాది పిల్ల. మిరప కోతలకు పోయే ఇంట్లో పుట్టి, ఒళ్ళంతా మండుతున్నా నోరెత్తకుండా పని చేసే తల్లిని చూసి పెరిగింది కాబట్టి, ఎంతటి నెత్తురు చూసినా మొహం తిప్పుకునేది కాదు. ఆమె వెనకాలే రెండో ఏడాది పిల్ల శివలీల, ఆవు వెంట దూడలాగా.

"ఏం పెద్దమ్మా, ఇయ్యాల యాడ నెప్పి?"

"తల," అంది సువార్తమ్మ కళ్ళు తెరవకుండానే.

"నిన్న నడుమన్నావు గదా?"

"నిన్నటి నెప్పి నిన్నే పోయింది. నెప్పులేమన్నా చుట్టాలంటే, వచ్చి తిష్టెయ్యటానికి?"

శివలీల పక్కున నవ్వింది. ఎప్పుడు వేసిందో ఏమో, రాహేలు ఎడమ అరచెయ్యి సువార్తమ్మ నుదుటి మీద ఉంది. రెండు ఊపిర్లు పీల్చి వదిలేంత సేపు అక్కడే ఉండిపోయింది. సువార్తమ్మ కంటి కొనలో ఒక చుక్క ఊరి, చెవి వైపు జారింది. చెయ్యి తియ్యగానే ఆమె లేచి కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, "తగ్గింది, వత్తాను," అని వెళ్ళిపోయింది. బిళ్ళ అడగదు, మందు అడగదు. ఏ పిల్ల డ్యూటీలో ఉన్నా ఇదే తంతు. భర్త లేడు, ఉన్న ఒక్క కూతురూ పోయింది, ఒంటరి మనిషి, పలకరింపు కోసం వస్తుందిలే అనుకునేవాళ్ళు అందరూ.

ఆ వెంటనే ఒక ముసలాయన్ను ఆటోలో తెచ్చారు. ఎండదెబ్బ. నాలుక అట్టకట్టుకుపోయింది, నరాలన్నీ ఇంకిపోయి చేతులు ఎండు కందికంపలా ఉన్నాయి.

"సెలైన్ నువ్వే పెట్టు లీలా," అంది రాహేలు.

"నాకు నరం దొరకదక్కా!"

"నీకు దొరక్కపోతే దానికి దొరుకుద్ది. వేళ్ళు వదులు చెయ్యి."

శివలీల చేతికి మోచేతి దాకా ఒక తొడుగు ఉంది. ఉల్లిపొర అంత పల్చన, ఉల్లిపొర రంగే. సూది పట్టుకున్న వేళ్ళు వదులు చేసింది. అంతలో చర్మం కింద చీమ పాకినట్టు సన్నటి జిల, ఆమె బొటనవేలు తనంతట తాను పక్కకు జరిగి ముసలాయన చర్మాన్ని కిందికి లాగి పట్టింది. చూపుడువేలు ఒక చోట ఆగి, కాదని, మరో చోటికి వెళ్ళి నొక్కింది. సూది దిగింది. గొట్టంలో ఎర్రటి బొట్టు కనపడింది.

"అక్కా, నేను గుచ్చలా. నువ్వు గుచ్చావు."

"నేను ఇక్కడ నిలబడి ఉంటిని గదే."

"నీ చెయ్యి గుచ్చింది."

నిజమే. ఆ తొడుగును పిల్లలు అక్కచెయ్యి అనేవాళ్ళు. పై ఏడాది పిల్ల దాన్ని తొడుక్కుని నెలల తరబడి పని చేస్తుంది. ఏ కండ ఎప్పుడు బిగుసుకుంది, ఏ వేలు ఎంత నొక్కింది, అదంతా తొడుగు గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత దాన్నే కింది ఏడాది పిల్లకు తొడిగితే, ఆ గుర్తును ఈ చేతి కండల్లోకి చిన్న చిన్న తాకిడిగా పంపుతుంది. కొన్నాళ్ళకు తొడుగు తీసేసినా పని చేతిలోనే ఉండిపోతుంది. ఆ పిల్ల పెద్దదయ్యాక మళ్ళీ తన చెల్లికి. పాలల్లో కాస్త పెరుగేసి తోడుపెట్టినట్టు, ఆ కుండలోంచి ఇంకో కుండకు, దాంట్లోంచి మరో దానికి. ఆసుపత్రి వెనక పాత క్షయ వార్డులో డాక్టర్ పరంజ్యోతి గారి ప్రయోగశాల ఉంది. ఇది ఆయన సృష్టే. ఇది వచ్చాక ఈ కాలేజీ పిల్లల చేతులకు జిల్లాల అవతల కూడా పేరొచ్చింది.

పెరుగు తోడు పెట్టేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. మొదటి కుండలో ఏ రుచి ఉందో, చివరి కుండలోనూ అదే రుచి.

నాగులును తీసుకొచ్చింది ఆ వారంలోనే. బట్టీలో రాళ్ళు కాలుస్తూ కాలుస్తూ కూలిపోయాడు. తోటి కూలీలు నలుగురు పట్టుకుని మోసుకొచ్చి మంచం మీద పడేసి, పక్కకు తప్పుకుని తువ్వాళ్ళు నోట్లో కుక్కుకున్నారు. గుండె ఆగిపోయింది. శివలీల ఆక్సిజన్ కోసం పరుగెత్తింది. రాహేలు నొక్కడం మొదలుపెట్టింది. నొక్కింది, నొక్కింది. చెమటకు జడ వీపుకు అంటుకుపోయింది. డ్యూటీ డాక్టరు వచ్చి షాక్ ఇచ్చాడు, మందులిచ్చాడు. నాగులు రాలేదు. బయట అతని భార్య ఏడవడం కూడా మర్చిపోయి, అతని చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని నిలబడింది. అవి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

మర్నాడు పరంజ్యోతి గారు రాహేలును ప్రయోగశాలకు పిలిపించారు. ఆయన మనిషి పొడుగు, మాట పొట్టి. అత్యవసర విభాగం కెమెరాలో పట్టిన బొమ్మను తెరమీద పెట్టారు.

"నాగులును మంచం మీద వేశాక నువ్వేం చేశావమ్మా?"

"వెంటనే నొక్కటం మొదలెట్టా సార్."

"వెంటనే?"

"వెంటనే సార్."

ఆయన మాట్లాడకుండా బొమ్మను నడిపారు. తెరమీద రాహేలు మంచం దగ్గరికి వచ్చింది. ఎడమ అరచెయ్యి తీసుకెళ్ళి నాగులు నుదుటి మీద పెట్టింది. తల కొంచెం ఎడమకు వాల్చి, ఏదో వింటున్నట్టు, ఆగింది. చుట్టూ కూలీలు కేకలు పెడుతున్నారు, ఆక్సిజన్ బండి గుద్దుకుంది, లోకమంతా కదులుతోంది, ఆమె ఒక్కతే ఆగి ఉంది. తర్వాత చెయ్యి తీసి, రొమ్ము మీద పెట్టి నొక్కసాగింది.

రాహేలు తెర దగ్గరికి జరిగింది. ఆ పని తాను చేసినట్టు ఆమెకు తెలియనే తెలియదు. తన రూపమే తనకు తెలియకుండా ఇల్లంతా తిరుగుతోందని ఎవరో చెబితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"నేను... నేను ఆగలా సార్."

"నువ్వు ఆగలేదు. నీ చెయ్యి ఆగింది. ఇదిగో, వీళ్ళనూ చూడు."

ఇంకో బొమ్మ. ఇంకో పిల్ల, ఇంకో రోగి. అరచెయ్యి నుదుటి మీద, తల ఎడమకు. మరొకటి. మరొకటి. పొట్టిపిల్ల, లావుపిల్ల, కళ్ళద్దాల పిల్ల, ఎప్పుడో చదువు ముగించి వెళ్ళిపోయిన పిల్లలు. అందరిదీ అదే వాలు, అదే ఆగడం. ఇంతమంది ఆడపిల్లల్లోంచి ఒకే మనిషి వంగి చూస్తున్నట్టుంది.

"మొదటి చెయ్యి తబితది," అన్నారు పరంజ్యోతి గారు. "మొదటి బ్యాచి. అంతటి పనిమంతురాలిని నేను మళ్ళీ చూడలేదు. అందుకే ఆమెను అడిగాను. నవ్వుతూ ఇచ్చింది. ఉద్యోగంలో చేరాక, సాగర్ కాలువ కట్టమీద అంబులెన్సు బోల్తా పడి పోయింది. రోగిని గుండెకు హత్తుకునే ఉందట. ఇప్పుడు మీ అందరి చేతుల్లో ఉన్నది ఆ పిల్ల చెయ్యే."

"మరి అక్క ఎందుకు ఆగేది సార్?"

"తెలియదు. నేను అడగలేదు. ఇంత చిన్న ఆగడం నా కంటికి ఆనలేదు. ఆమె చేసినప్పుడు చిన్నదే. చెయ్యి మారిన కొద్దీ పెరిగింది. నీ దగ్గరికి వచ్చేసరికి ఇంతయింది. శివలీల దగ్గర ఇంకా పెరుగుతుంది."

"నాగులు బతికేవాడా సార్? నేను ఆగకపోతే?"

ఆయన తెర ఆపేశారు. "చెప్పలేనమ్మా. ఎవరూ చెప్పలేరు. కానీ ఆగిన గుండె మన కోసం ఆగదు."

తొడుగులన్నిటినీ బీరువాలో పెట్టి తాళం వేయించారు. సోమవారం నుంచి పిల్లల చేతుల్లోంచి ఆ ఆగడాన్ని కడిగేస్తామన్నారు. కడగడమంటే నీళ్ళతో కాదు. ఒక గొట్టంలో చెయ్యి పెట్టి కూర్చోవాలి, కొన్ని పూటలు. ఆ గుర్తుతో పాటు చేతికొచ్చిన మిగతా పనులు కూడా కాసిన్ని పోతాయి, పచ్చడి మరక ఉతికితే చీర రంగు కూడా కాస్త పోయినట్టు. మొదటి తొడుగును, తబిత సొంత తొడుగును, అన్నిటికన్నా ముందు కడగాలి.

"వాళ్ళమ్మకు చెప్పాలి," అన్నారు పరంజ్యోతి గారు, గొంతు తగ్గించి. "గేటు దగ్గరే ఉంటుంది. ఇడ్లీలమ్ముతుంది. నాకు ధైర్యం చాలడం లేదు."

రాహేలుకు బల్ల కళ్ళముందుకొచ్చింది. వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, ఎదురుచూసే మొహం. కంటి కొనలోంచి చెవి వైపు జారే చుక్క.

సువార్తమ్మ బండి దగ్గర పిండి కలుపుతోంది.

"నువ్వు నా దగ్గరికొచ్చావేంది అమ్మలూ? రోజూ నేను గదా వచ్చేది," అంది. ఆమె ఏ పిల్లనూ పేరు పెట్టి పిలవదు. అందరూ అమ్మలే.

రాహేలు బకెట్టు తిరగేసి కూర్చుంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, "పెద్దమ్మా, తబితక్క మనిషిని ముట్టుకునే ముందు నుదుటి మీద చెయ్యేసేదంట. ఎందుకు?" అంది.

సువార్తమ్మ చెయ్యి పిండిలోనే ఆగింది. తర్వాత నవ్వింది, ఆ మొహంలో అంత వయసు తగ్గడం రాహేలు ఎప్పుడూ చూడలేదు. "అది నా బుద్ధే తల్లీ. మా అమ్మ నాకు చెప్పింది, నేను దానికి చెప్పా. పడుకున్నోళ్ళని ఒక్కసారిగా తట్టి లేపగూడదు. నిదర్లో పాణం యాడెయ్యాడో తిరుగుతా ఉంటది. తటాల్న లేపితే దోవ తప్పిపోద్ది. ముందు నుదుటి మీద చెయ్యేసి, రా తల్లీ రా, ఇల్లిదే అని లోపల అనుకోవాల. పాణం ఆ చేతి వెచ్చన పట్టుకుని వచ్చుద్ది. అప్పుడు లేపాల. దాన్ని నేను బడికి ఎప్పుడు లేపినా అంతే. అదీ అంతే, వాళ్ళ నాన్న చివర్లో మంచాన పడ్డప్పుడు అట్టాగే లేపేది." పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకోబోయి, మోచేతితో తుడుచుకుంది. "మీ చేతుల్లో ఉందని నాకు తెలుసే అమ్మలూ. ఒకరోజు ఎండకి కళ్ళు తిరిగి ఆ బల్లమీద పడిపోయా. ఎవరో పిల్ల చెయ్యేసింది. చూడకుండానే తెలిసింది, నా కూతురని. అందుకే వస్తన్నా. నెప్పులూ లేవు, పాడూ లేవు."

రాహేలు ఏమీ అనలేదు. అనకపోవడమే పొరపాటయింది. సువార్తమ్మ వెర్రిది కాదు.

"ఏందే? ఎందుకడిగావు?"

అబద్ధం నాలుక దాకా వచ్చింది. సువార్తమ్మ కళ్ళలోకి చూశాక వెనక్కి పోయింది. రాహేలు చెప్పింది. నాగులు సంగతి, తెరమీద ఆగిన చేతుల సంగతి, సోమవారం సంగతి.

సువార్తమ్మ విని, పిండిగిన్నె మీద మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. మళ్ళీ తీసి పెట్టింది.

"ఆయనకి పిల్లలున్నారా?"

"ఇద్దరు, పెద్దమ్మా."

"పడుకున్నోళ్ళ సంగతి నేను చెప్పా. గుండె ఆగినోళ్ళ సంగతి నాకేం తెలుసు?" అని తనలో తాను అనుకున్నట్టు అంది. "నాకేం తెలుసునే? నేను చెప్పింది నిదర్ని గురించి."

మర్నాడు బల్ల ఖాళీగా ఉంది. ఆ తర్వాతా అంతే. వచ్చేవాళ్ళు దానిమీద సంచులు పెట్టుకుంటుంటే, శివలీల ఊరికే వాళ్ళను గదమాయించేది.

తొడుగులు బీరువాలో ఉన్నాయి గానీ చదువు ఆగదు గదా. శివలీలకు రాహేలు నోటితో నేర్పాల్సి వచ్చింది. సాధన గదిలో ఒక రబ్బరు బొమ్మ ఉండేది. నడుము దాకానే ఉంటుంది, కాళ్ళు లేవు, నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పిల్లలు దాన్ని బావగారు అనేవాళ్ళు.

"బావగారి రొమ్ము మధ్యలో అరచేతి మడమ, ఇదిగో మణికట్టు పక్కన ఎత్తుగా ఉండే చోటు, పెట్టు. ఊఁ, నొక్కు."

"ఎంత నొక్కాలక్కా?"

"నొక్కాల్సినంత."

"అదే ఎంత?"

రాహేలు నోరు తెరిచి, బావగారిలాగానే ఉండిపోయింది. తన చేతికి తెలుసు. నోటికి తెలియదు. ఎవరూ ఆమెకు మాటలతో చెప్పలేదు. అక్కచెయ్యి ఇచ్చిందే తప్ప ఏ అక్కా పక్కన కూర్చుని ఇదిగో ఇందుకు, ఇదిగో ఇట్లా అనలేదు. చెల్లి ఎందుకని అడగలేదు, అడగాల్సిన పని పడలేదు. చెయ్యి వచ్చింది గానీ దాని వెనక మాట రాలేదు.

"మా అమ్మ రోట్లో కారం దంచేటప్పుడు," అంది రాహేలు చివరికి, వెతుక్కుంటూ, "రోకలి దించాక పూర్తిగా పైకి లేపుద్ది. సగంలో ఆపి దంచితే కాయ నలగదు. అట్టా. నొక్కినాక వదలాల. వదిలినప్పుడే గదా గుండెలోకి నెత్తురొచ్చేది."

"అట్టా చెప్పు మరి! నొక్కాల్సినంతంట."

"నోరు ముయ్యి. బావగారి పక్కటెముకలు విరిగినా నొక్కు. విరిగితే అతుక్కుంటాయి, పోతే రాడు."

శివలీల ప్రతిదానికీ ఎందుకని అడిగేది. రాహేలు విసుక్కునేది, ఆలోచించేది, తెలియకపోతే పుస్తకంలో వెతికేది, అక్కడా లేకపోతే ఇద్దరూ బావగారి మీద పడి తేల్చుకునేవాళ్ళు. బావగారి నుదుటి మీద చెయ్యేసి తల వెనక్కి వాల్చి గడ్డం ఎత్తితే నాలుక తొలగి ఊపిరి దారి తెరుచుకుంటుందని చెబుతూ చెబుతూ, రాహేలు తన చెయ్యి వైపు చూసి ఒక్కక్షణం ఆగింది. తొడుగు తొడిగి ఎన్నాళ్ళో కాలేదు కాబట్టి శివలీల చేతిలో ఆ గుర్తు ఇంకా నిలవలేదు, ఆ చెయ్యి నెమ్మది, మొద్దు. కానీ తాను ఏం చేస్తోందో ఆ పిల్లకు తెలుసు.

సోమవారానికి ముందురోజు సువార్తమ్మ ప్రయోగశాల గుమ్మంలో నిలబడింది. పిల్లలు పక్కకు తప్పుకున్నారు. పరంజ్యోతి గారు కుర్చీలోంచి లేచారు.

"అమ్మా, నేనే వచ్చి చెప్పాల్సింది. ఒక మంచి చేతిని తీసి ఇంకో చేతిలో పెట్టాననుకున్నాను. ఆ చేతి వెనక ఒక ఇల్లుంటుందని అనుకోలేదు."

"కడిగెయ్యండయ్యా," అంది సువార్తమ్మ.

"తబిత తొడుగు ఇక్కడే ఉంది. ఒకసారి..."

"వొద్దు. తియ్యబాకండి. చూస్తే కడగొద్దనబుద్ధేస్తది." గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగింది. "దాని పని మాత్రం కడగబాకండి. పని దానిదే. ఆగటం నాది."

సోమవారం పొద్దున పిల్లలు ప్రయోగశాల ముందు వరసలో నిలబడ్డారు. రాహేలు వంతు మధ్యాహ్నం. అప్పటిదాకా శివలీలతో అత్యవసర విభాగంలో ఉంది. గేటు దగ్గర గిన్నెలు దొర్లిన చప్పుడు వినపడింది. ఎవరో అరిచారు. బండి దగ్గరున్న కూలీలు ఇద్దరు సువార్తమ్మను చేతుల మీద మోసుకొచ్చి, మంచం దాకా కూడా రాకుండా, దగ్గరున్న ఆ బల్లమీదే పడుకోబెట్టారు. వెల్లకిలా. కళ్ళు మూసి.

ఈసారి నెప్పి ఎక్కడని ఎవరూ అడగలేదు. మెడ దగ్గర నాడి లేదు.

"నేలమీదికి దించండి! గట్టి చోటు కావాల!" అని అరిచింది రాహేలు. దించారు. రాహేలు మోకాళ్ళమీద కూర్చుంది. నొక్కాలని తెలుసు. ఆగకూడదని తెలుసు. ఎందుకు ఆగుతుందో కూడా ఇప్పుడు తెలుసు. అయినా ఎడమచెయ్యి వెళ్ళిపోయింది, ఏటవాలున నీళ్ళు పోయినట్టు, సువార్తమ్మ నుదుటి మీదికి. తల ఎడమకు వాలింది. లాగుదామని చూసింది. రాలేదు. రోజూ ఈ చెయ్యి కోసమే వచ్చింది ఈమె. ఇవాళ ఈ చెయ్యే చంపేస్తుంది.

"లీలా!" అని అరిచింది. "నా చెయ్యి రావట్లా. నువ్వు నొక్కు!"

శివలీల బావగారిని తప్ప ఎవరినీ నొక్కి ఎరగదు. అయినా ఎదురుగా మోకాళ్ళమీద పడి, రొమ్ము మధ్యలో అరచేతి మడమ పెట్టి నొక్కింది. రోకలి దించి, పూర్తిగా లేపి, మళ్ళీ దించి. ఎక్కడో ఒక ఎముక పుటుక్కుమంది. శివలీల కళ్ళెత్తి చూసింది.

"విరగనీ! ఆపబాక!"

అప్పుడు రాహేలుకు తన చెయ్యి ఎక్కడుందో కనపడింది. నుదుటి మీద ఉంది. ఉండాల్సిన చోటే ఉంది. అక్కడినుంచే తలను వెనక్కి వాల్చింది, రెండో చేత్తో గడ్డం ఎత్తింది. ఊపిరి దారి తెరుచుకుంది. ఎవరో అందించిన, పిండితే గాలి పంపే ఊపిరి బుడ్డి నోటిమీద బిగించింది. శివలీల నొక్కుతోంది, రాహేలు బుడ్డి పిండుతోంది, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ. ఒక్కరే ఉన్నప్పుడు ఆగడమైనది, ఇద్దరున్నప్పుడు పనయింది. "రా తల్లీ రా," అంటోంది రాహేలు. లోపల కాదు, పైకే. "ఇల్లిదే. ఇటు రా."

శివలీల చేతులు సడలగానే రాహేలు అటు మారింది. ఈసారి చెయ్యి వచ్చింది. డ్యూటీ డాక్టరు షాక్ పెట్టాడు. మొదటిసారికి కదలిక లేదు. రెండోసారి సువార్తమ్మ మెడ దగ్గర రాహేలు వేలికింద ఏదో కదిలింది. గుప్పిట్లో పట్టిన పిట్ట ఒకసారి కొట్టుకున్నట్టు.

శివలీల నేలమీద కూర్చుండిపోయి ఏడ్చింది. "పెద్దమ్మ ఎముక ఇరగ్గొట్టానక్కా."

"అతుక్కుంటదిలే," అని రాహేలు ఆ పిల్ల తలను తన భుజానికి ఆనించుకుంది.

అంతమాత్రాన కడగడం ఆగలేదు. ఆగకూడదని రాహేలే అంది. ప్రతిసారీ పక్కన శివలీల ఉండదు గదా. ఆ మధ్యాహ్నమే వెళ్ళి గొట్టంలో చెయ్యి పెట్టి కూర్చుంది. పరంజ్యోతి గారు ఒకటి మాత్రం మార్చారు. తొడుగులు మళ్ళీ ఇచ్చినప్పుడు, అక్కా చెల్లీ పక్కపక్కన కూర్చుని, చెల్లి ఎందుకని అడిగి అక్క నోటితో చెప్పాకగానీ ఏ తొడుగూ తొడగకూడదన్నారు. తబిత తొడుగును కడిగి ఎక్కడ పెట్టారో ఆయన ఎవరికీ చెప్పలేదు.

కడిగిన చెయ్యి కొన్నాళ్ళు పసిబిడ్డ చెయ్యిలా ఉంటుంది. రాహేలు అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోవడానికే తడబడింది. జడ వేసుకోవడం రాక, పొద్దున్నే శివలీల ముందు కూర్చునేది.

"బిగ్గా లాగబాకే, నెప్పి!"

"నెప్పులేమన్నా చుట్టాలా అక్కా, వచ్చి తిష్టెయ్యటానికి," అనేది శివలీల, రిబ్బను పళ్ళమధ్య పెట్టుకుని. ఆ మాటకు ఇద్దరూ నవ్వబోయి, నవ్వలేక ఊరుకునేవాళ్ళు.

సువార్తమ్మ పట్నంలోని గుండె ఆసుపత్రికి పోయి, చికిత్స చేయించుకుని తిరిగొచ్చేసరికి బట్టీల మీద మొదటి వాన పడి ఊరంతా తడిసిన సున్నం వాసన కొడుతోంది. బండి ఇంకా పెట్టలేదు. రొమ్ముకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ గుమ్మం దాటింది. బల్లమీది సంచులను శివలీల పక్కకు నెట్టింది. సువార్తమ్మ ఒక్కొక్క కాలే ఎత్తి పెట్టుకుని, వెల్లకిలా పడుకుంది. కళ్ళు మూసుకుంది.

రాహేలు పక్కన నిలబడింది. చెయ్యి కదల్లేదు. తనంతట తాను ఎక్కడికీ పోలేదు. ఒంటికి వేలాడుతూ ఊరికే ఉంది, ఎవరి చెయ్యో కానట్టు, తన చెయ్యే అయినట్టు. సువార్తమ్మ రెప్పలు సన్నగా అదురుతున్నాయి. ఆమెకూ తెలుసు, ఆ చెయ్యి ఇక రాదని. తెలిసే వచ్చి పడుకుంది.

రాహేలు చెయ్యి ఎత్తింది. తానే ఎత్తింది. దారి తెలియనట్టు కొంచెం పక్కకు పోయి, వెనక్కి వచ్చింది. నుదుటి మీద పెట్టింది.

సువార్తమ్మ రెప్పలు అదరడం ఆగింది.

"ఇది మా తబిత చెయ్యి కాదు," అంది సువార్తమ్మ, కళ్ళు తెరవకుండానే.

"కాదు పెద్దమ్మా."

"బరువుగా ఉంది. మా పిల్లది ఇంత బరువుండదు."

రాహేలు చెయ్యి తియ్యబోయింది. సువార్తమ్మ తన చెయ్యి ఎత్తి, దానిమీద వేసి అక్కడే పట్టుకుంది.

"తియ్యబాక," అంది. "నీ పేరేంది తల్లీ?"